ఇంటి దగ్గర 20 గొర్రెలు: మందను కొనడం నుంచి పిల్లలను అమ్మడం దాకా

గొర్రెల పెంపకంలో డబ్బు గొర్రెల సంఖ్యను బట్టి రాదు. ఈనిన పిల్లల్లో ఎన్ని మూడు నెలలు దాటి బతికాయి, బతికినవి ఎంత బరువుకు, ఏ పండుగ ముందు అమ్ముడుపోయాయి అన్నదాన్ని బట్టి వస్తుంది. 50 గొర్రెలున్న మందలో 20 పిల్లలు చనిపోతే, 20 గొర్రెల మందలో 2 పిల్లలు చనిపోతే, రెండో ఇంట్లోనే రాత్రి నిద్ర పడుతుంది. పాలమూరు వైపు మా ఇంటి వెనక దొడ్డిలో ఏళ్లుగా 20 గొర్రెలకు అటూ ఇటూగా పెంచుతూ నేర్చుకున్నది ఇక్కడ వరుసగా రాస్తున్నాను. వేల గొర్రెల ఫారం పెట్టాలనుకునే వారి కోసం కాదు. రెండు మూడు ఎకరాల పొలం, ఇంట్లో ఇద్దరు మనుషులు, పక్కన కాస్త బీడు ఉన్న కుటుంబం కోసం.

2019 పశుగణన ప్రకారం దేశంలోని గొర్రెలు సుమారు 7.4 కోట్లు. అందులో తెలంగాణలో 1.9 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు. అంటే దాదాపు సగం మన రెండు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. మంచి గొర్రెల కోసం ఎక్కడికో వెళ్లనక్కర లేదు. జీవాలను తరతరాలుగా మేపిన గొల్ల, కురుమ కుటుంబాలు మన ఊళ్లలోనే ఉన్నాయి. మొదటి గొర్రెను కొనడానికి ముందు అలాంటి ఒక పెద్దాయన వెంట నెల రోజులు మందలో తిరగండి.

1. కొనే ముందు కాగితం మీద లెక్క

2017లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టినప్పుడు ఒక యూనిట్‌ను 20 గొర్రెలు, ఒక పొట్టేలుగా నిర్ణయించింది. చిన్న కుటుంబానికి అది సరైన కొలతే అని నా నమ్మకం. ఒక పొట్టేలు 25 నుంచి 30 గొర్రెల వరకు చాలుతుంది కాబట్టి 20కి ఇబ్బంది లేదు. కొత్తవారైతే మొదటి ఏడాది 10తో మొదలుపెట్టి, పుట్టిన ఆడ గొర్రెపిల్లలతోనే 20కి పెంచుకోవడం ఇంకా మేలు. ఆ ఏడాదిలో చేసే తప్పులు పది గొర్రెల మీదనే పడతాయి.

గొర్రె చూలు ఐదు నెలలు. పిల్లకు మూడు నెలలు పాలు. ఈ ఎనిమిది నెలల చక్రం సరిగా నడిస్తే రెండేళ్లలో మూడు ఈతలు వస్తాయి. మన జాతులకు కవలలు అరుదు. 20 గొర్రెల్లో ప్రతి ఈతకు 17 ఈనాయనుకుంటే ఏడాదికి సగటున 25 పిల్లలు. అందులో మూడు నాలుగు పోతాయని ముందే రాసుకోండి. మిగిలిన 21లో ముసలి గొర్రెల స్థానంలోకి నాలుగు ఆడపిల్లలను ఉంచుకుంటే అమ్మకానికి 17. వాటికి తోడు మందలోంచి తీసేసే మూడు నాలుగు పెద్ద గొర్రెలు. మీ ఊరి ధరతో ఈ సంఖ్యను గుణించి, దాణా, మందులు, మనిషి కూలి తీసేసి చూడండి. ఆ మొత్తం సరిపోదనిపిస్తే మొదలుపెట్టకండి. ఏడాదికి 40 పిల్లలు వస్తాయని చెప్పి గొర్రెలు అంటగట్టే వారి మాట వినకండి.

అప్పు అవసరమైతే కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితిలో పశుపోషణకు కూడా రుణం ఇస్తున్నారు. జాతీయ పశుధన మిషన్ రాయితీ 100 గొర్రెలు, 5 పొట్టేళ్ల యూనిట్ నుంచి మొదలవుతుంది. చిన్న కుటుంబం రాయితీ కోసం అంత మందను నెత్తిన పెట్టుకోవడం నాకు నచ్చదు.

2. ఏ జాతి, ఏ పళ్లు

మాంసం కోసమే అయితే నెల్లూరు గొర్రె. దేశంలోని గొర్రెల్లో ఎత్తయినది ఇదే. ఒంటి మీద ఉన్ని ఉండదు, వెంట్రుకలే. ఇందులో మూడు రకాలు. ఒళ్లంతా తెల్లగా ఉండి కళ్ల చుట్టూ, దవడ కింద, పొట్ట మీద నల్లమచ్చలున్నది జొడిపి. పూర్తిగా తెల్లనిది పల్ల. గోధుమ రంగుది దొర. పల్నాడు, ప్రకాశం, నల్గొండ వైపు మాచర్ల గొర్రె కనిపిస్తుంది. అదీ గుర్తింపు పొందిన జాతే. మెట్ట, రాతి నేలల్లో నల్లని దక్కని గొర్రె గట్టిది. తక్కువ మేతకు తట్టుకుంటుంది, దూరం నడుస్తుంది. ఒకప్పుడు గొంగళ్లకు దాని ఉన్నే ఆధారం. ఇప్పుడు ఉన్నికి ధర లేకపోయినా కత్తిరించక తప్పదు. మీ చుట్టుపక్కల పది ఊళ్లలో ఏ జాతి ఎక్కువగా ఉందో దాన్నే కొనండి. అక్కడి ఎండకు, గడ్డికి, నీటికి అలవాటు పడిన జీవాన్ని మించింది లేదు.

వయసు నోట్లో తెలుస్తుంది. కింది దవడ ముందు పళ్లు చూడండి. అన్నీ చిన్న పాలపళ్లే అయితే ఏడాది లోపు. మధ్యలో రెండు పెద్ద పళ్లు వస్తే ఏడాది నుంచి ఏడాదిన్నర, నాలుగైతే రెండేళ్ల దరి, ఆరైతే మూడేళ్ల లోపు, ఎనిమిదీ వస్తే నాలుగేళ్లకు దగ్గర. రెండు పళ్లు, నాలుగు పళ్ల గొర్రెలనే కొనండి. ఎనిమిది పళ్లూ వచ్చి నోరు కలిసిన గొర్రె చవకగా వచ్చినా దాని ముందున్న ఈతలు తక్కువ.

పళ్ల తర్వాత కన్ను. కింది రెప్పను మెల్లగా లాగి లోపలి రంగు చూడండి. ఎర్రగా ఉంటే ఆరోగ్యం. పాలిపోయి తెల్లగా ఉంటే కడుపులో పురుగులు రక్తం తాగుతున్నట్టే. తర్వాత పొదుగు: రెండు చన్నులూ మెత్తగా, సమానంగా ఉండాలి, గడ్డలు తగలకూడదు. తోక కింద పారుడు మరకలు, కుంటడం, ముక్కు కారడం ఏది కనిపించినా వదిలేయండి. పొట్టేలుకు వృషణాలు రెండూ సమానంగా, గట్టిగా ఉండాలి. గొర్రెలు కొన్న మందలోంచే పొట్టేలును తేవద్దు; వేరే ఊరి నుంచి తెచ్చి, రెండేళ్లకోసారి మార్చండి. తన కూతుళ్లనే కట్టే పొట్టేలు ఉంటే పిల్లలు ఏటేటా చిన్నవవుతాయి.

సాధ్యమైతే సంతలో కాకుండా మంద దగ్గరే కొనండి. ఒకసారి మేము సంతలో కొన్న ఎనిమిది గొర్రెలను ఆ సాయంత్రమే మా మందలో కలిపాం. చూడడానికి బాగానే ఉన్నాయి. ఆరో రోజు ఒకదాని కళ్లు, ముక్కు కారాయి, తర్వాత పారుడు. అది పీపీఆర్, గొర్రెలకు మేకలకు వేగంగా అంటుకునే వైరస్ జబ్బు. పది రోజుల్లో మా సొంత పిల్లలు పదకొండు పోయాయి. అప్పుడు పాలు తాగుతున్న పిల్లలు అవి. అప్పటి నుంచి కొత్త జీవం ఏది వచ్చినా పొలం దగ్గర వేరే కొట్టంలో 21 రోజులు ఉంటుంది. వేరే తొట్టి, వేరే బకెట్టు, మా మందకు మేత వేశాకే దానికి మేత. ఆ మూడు వారాల్లోనే పురుగుల మందు, టీకాలు పూర్తి చేస్తాం.

3. దొడ్డి

ఇక్కడ ఎక్కువ ఖర్చు పెట్టకండి. పెద్ద గొర్రెకు 10 నుంచి 12 చదరపు అడుగులు, పిల్లకు 4 నుంచి 5, పొట్టేలుకు విడిగా ఒక చిన్న గది. 20 గొర్రెల మందకు 350 చదరపు అడుగుల నీడ, దానికి రెట్టింపు ఆరుబయలు చాలు. ఎత్తైన చోట కట్టండి, పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి, నేల మీద మొరం పోయండి. గొర్రె ఎండను, చలిని భరిస్తుంది కాని, తడి నేలను భరించదు. గిట్టలు కుళ్లేదీ, పిల్లలకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చేదీ తడి దొడ్డిలోనే. పదిహేను రోజులకోసారి పెంటికలు ఊడ్చి సున్నం చల్లండి. ఊడ్చిన ఎరువు మీ పొలానికే. కోత అయ్యాక మందను రాత్రిళ్లు పొలంలో పడుకోబెడితే ఇంకా మంచిది; మా వైపు రైతులు గొర్రెల కాపరులకు డబ్బిచ్చి మరీ మంద పెట్టించుకుంటారు.

కంచె మీద మాత్రం చెయ్యి బిగపట్టకండి. ఊరకుక్కలు ఒక్క రాత్రిలో పది గొర్రెలను చంపగలవు. ఐదడుగుల ఇనుప జాలి, కింద అడుగు మేర రాళ్లు లేదా ముళ్లకంప, లోపల రాత్రంతా వెలిగే ఒక దీపం ఉండాలి.

4. మేత: అర ఎకరం, గట్లు, బీడు

30 కిలోల గొర్రెకు రోజుకు ఒక కిలో ఎండు పదార్థం కావాలి. బీడు మీద ఆరేడు గంటలు తిరిగితే వానాకాలంలో అది చాలావరకు అక్కడే దొరుకుతుంది. వేసవిలో దొరకదు. వేసవిలో చిక్కిన గొర్రె జూన్‌లో ఎదకు రాదు. ఎదకు రాకపోతే డిసెంబరులో పిల్ల లేదు, తర్వాతి బోనాలకు అమ్మడానికి ఏమీ లేదు. అందుకే మేత పని వేసవిని దృష్టిలో పెట్టుకుని ముందు ఏడాది నుంచే చేయాలి.

నీటి వసతి ఉన్న అర ఎకరంలో సగం దశరథ గడ్డి, సగం సూపర్ నేపియర్ వేయండి. దశరథ గడ్డి పప్పుజాతి మేత, మాంసకృత్తులు ఎక్కువ. ఒకసారి వేళ్లూనుకున్నాక 40 నుంచి 45 రోజులకోసారి కోసుకోవచ్చు. గట్ల మీద అవిశ, సుబాబుల్ పెట్టండి. కొమ్మలు నరికి వేలాడదీస్తే గొర్రెలు నిలబడి తింటాయి. సుబాబుల్ మాత్రం మొత్తం పచ్చిమేతలో మూడో వంతు దాటకూడదు. కోతల కాలంలో వేరుశనగ కట్టె, కంది పొట్టు, జొన్న చొప్ప తక్కువకు దొరికినప్పుడే కొని తాటాకుల కిందో పందిరి మీదో దాచండి. ఎండాకాలంలో రాలిన తుమ్మకాయలు ఇంట్లోని చిన్నపిల్లలతో ఏరించి బస్తాల్లో పెట్టడం మా అమ్మ అలవాటు. గొర్రెలు వాటి కోసం పరుగెత్తుకొస్తాయి.

దాణా ఇంట్లోనే కలపవచ్చు. 100 కిలోలకు మొక్కజొన్న నూక 40, తవుడు 32, వేరుశనగ చెక్క 25, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో. బూజు పట్టిన చెక్కను ధర తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దాణా అన్ని రోజులూ అందరికీ వేయనక్కర లేదు. మూడు సమయాల్లో తప్పకుండా వేయాలి: పొట్టేలును కలపడానికి మూడు వారాల ముందు గొర్రెకు రోజుకు 200 గ్రాములు, చూలు చివరి 45 రోజులు 250 గ్రాములు, ఈనాక మొదటి నెలంతా 250 గ్రాములు. చూలు చివరి ఆరు వారాల్లోనే పిల్ల చాలా వేగంగా పెరుగుతుంది. ఆ 45 రోజులకు 20 గొర్రెలకు కలిపి 225 కిలోల దాణా అవుతుంది. మొత్తం పెంపకంలో ఇంత చక్కగా తిరిగి వచ్చే ఖర్చు ఇంకొకటి లేదు.

మేపేటప్పుడు మూడు ప్రమాదాలు గుర్తుంచుకోండి. లేత జొన్న, ముఖ్యంగా వానలు లేక వాడిన జొన్న పిలకలు మేస్తే నాము, అంటే ఆ పిలకల్లోని విషం, ఎక్కుతుంది, నిమిషాల్లో చనిపోవచ్చు. వానాకాలం పొద్దున్నే మంచు తడి మీద మేపితే గడ్డి కొసల మీదున్న పురుగుల పిల్లలు కడుపులోకి వెళ్తాయి. ఎండ కాస్త ఎక్కాకే తోలండి. చెరువు అంచుల్లో నత్తలున్న గడ్డి మేస్తే కాలేయాన్ని పట్టే జలగ వ్యాధి వస్తుంది.

5. ఎద నుంచి ఈత వరకు

పొట్టేలు ఏడాదంతా మందలోనే తిరిగితే పిల్లలు నెలకు రెండు చొప్పున పుడుతుంటాయి. వాటికి ఒకేసారి టీకా వేయలేరు, ఒకే బరువుకు తేలేరు, ఒకేసారి అమ్మలేరు. అందుకే పొట్టేలును విడిగా కట్టేసి, ఏడాదిలో ఎంచుకున్న కాలాల్లో 45 నుంచి 50 రోజులు మాత్రమే కలపండి. గొర్రె 16, 17 రోజులకోసారి ఎదకు వస్తుంది కాబట్టి ఆ వ్యవధిలో ప్రతి గొర్రెకూ రెండు మూడు అవకాశాలు దొరుకుతాయి.

తొలకరి పడి పచ్చగడ్డి వచ్చాక, జూన్ చివర లేదా జూలైలో మన గొర్రెలు సహజంగానే బాగా ఎదకు వస్తాయి. కలిపే రోజు జాజును నూనెలో కలిపి పొట్టేలు రొమ్ముకు దట్టంగా పూయండి. ఏ గొర్రె నడుము మీద ఎర్ర మరక పడిందో ఆ తేదీ నోటుపుస్తకంలో రాయండి. 17 రోజుల తర్వాత రంగు మార్చి, బొగ్గుపొడి కలిపిన నూనె పూయండి. ఎర్ర మరక మీద నల్ల మరక పడితే మొదటిసారి నిలవలేదని అర్థం. రెండు మూడుసార్లు పడితే ఆ గొర్రెనో, పొట్టేలునో పశువైద్యుడికి చూపించండి.

చూలు 147 నుంచి 150 రోజులు. జూలై 10న మరక పడితే డిసెంబరు 4 నుంచి 7 లోపు ఈనుతుంది. ఆ తేదీకి వారం ముందే గొర్రెను దూరం తోలడం మానేసి, దొడ్డిలో పొడి గడ్డి పరిచిన మూలకు మార్చండి. పొదుగు నిండుతుంది, తోక పక్కన గుంటలు పడతాయి, మందకు దూరంగా నిలబడి కాలితో నేలను గీరుతుంది. నీటి సంచి కనిపించిన గంటలోపు పిల్ల ముందరి కాళ్లు, ముక్కు రాకపోతే మీరు లాగకండి. వైద్యుడిని పిలవండి. రెండు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

పిల్ల పడిన తర్వాతి గంట గురించి నేను ఎంత రాసినా తక్కువే. మొదట ముక్కు, నోటి మీది పొర తుడవండి. తర్వాత పిల్లను తల్లి మూతి ముందు పెట్టండి, తల్లి నాకాలి. గుడ్డతో మొత్తం తుడిచేస్తే వాసన పోయి కొన్ని గొర్రెలు పిల్లను దగ్గరికి రానివ్వవు. బొడ్డు తాడును రెండు మూడు వేళ్ల పొడవు ఉంచి శుభ్రమైన దారంతో కట్టి, కొత్త బ్లేడుతో కోసి, టింక్చర్ అయోడిన్‌లో ముంచండి. ఆ తర్వాత చన్నులను ఒకసారి పిండి పాల కట్టును తీసి, గంట లోపలే పిల్లకు ముర్రుపాలు పట్టించండి. తల్లి ఒంట్లోని రోగనిరోధక శక్తి కడుపులో ఉండగా గొర్రెపిల్లకు చేరదు. ముర్రుపాల ద్వారానే చేరుతుంది. గంటలు గడిచే కొద్దీ దాన్ని పీల్చుకునే శక్తి పిల్ల పేగులకు తగ్గిపోతుంది. రెండున్నర కిలోల పిల్లకు మొదటి రోజు మొత్తం మీద 250 మిల్లీలీటర్లు వెళ్లాలి. తాగలేని బలహీనమైన పిల్ల ఉంటే తల్లి నుంచి పిండి, చిన్న సీసాతో కొద్దికొద్దిగా గంట గంటకూ పట్టండి. తల్లి పోతే అదే వారం ఈనిన ఇంకో గొర్రె ముర్రుపాలు ఇవ్వండి, తర్వాత గోరువెచ్చని మేకపాలో ఆవుపాలో సరిపోతాయి.

మాయ కొన్ని గంటల్లో పడిపోతుంది. కుక్కలకు దొరక్కుండా లోతుగా పాతిపెట్టండి. పూట గడిచినా పడకపోతే లాగవద్దు, వైద్యుడిని పిలవండి.

డిసెంబరు, జనవరి రాత్రుల చలికి మొదటి పది రోజుల్లో పిల్లలు పోతాయి. పెద్ద వెదురు గంపల కింద ఎండు గడ్డి పరిచి నాలుగైదు పిల్లలను కలిపి ఉంచడం పాత పద్ధతి. ఒకదాని వెచ్చదనం ఇంకోదానికి తగులుతుంది. మేము ఇప్పటికీ అదే చేస్తున్నాం. రాత్రి రెండుసార్లు లేచి తల్లుల దగ్గరికి వదలాలి. ఇంట్లో ఆ పనికి ఒప్పుకునే మనిషి ఎవరో ముందే మాట్లాడుకోండి. మా ఇంట్లో గొర్రెపిల్లలు నిలవడం మా అమ్మ, నా భార్య నిద్ర మానుకున్నందువల్లే.

6. మూడు నెలల వరకు పిల్ల, ఆ తర్వాత పొట్టేలు

రెండో వారం నుంచి పిల్ల లేత ఆకులు కొరుకుతుంది. దొడ్డిలో ఒక మూల కర్రలతో చిన్న గది కట్టి, పిల్ల దూరగలిగేంత, తల్లి దూరలేనంత సందు వదలండి. లోపల దశరథ గడ్డి, మెత్తగా ఆడించిన దాణా పెట్టండి. రోజుకు 50 గ్రాములతో మొదలై మూడో నెలకు 200 గ్రాములకు చేరుతుంది. ఇలా తినడం నేర్చిన పిల్లను మూడు నెలలకు పాలు మాన్పిస్తే చిక్కదు. తల్లి కూడా తొందరగా మళ్లీ ఎదకు వస్తుంది.

పాలు మాన్పించిన రోజు నుంచి మగపిల్లలను విడిగా 90 రోజులు బలపరచండి. రోజుకు 300 గ్రాముల దాణా, కడుపునిండా పచ్చిమేత ఇస్తే రోజుకు 100 గ్రాముల చొప్పున 9 కిలోలు పెరుగుతాయి. తినే దాణా 27 కిలోలు. దాణా కిలో 30 రూపాయలు, బతికున్న జీవం కిలో 400 రూపాయలు అనుకుంటే 810 రూపాయల దాణాకు 3,600 రూపాయల బరువు. ఈ ధరలు లెక్క చూపడానికి రాసినవి. మీ ఊరి ధరలు పెట్టి మీరే చేసుకోండి. మూడు నెలలకే దళారికి అమ్మేసే రైతు ఈ తేడాను అతని చేతిలో పెడుతున్నాడు. దాణాను వారం పది రోజుల్లో మెల్లగా పెంచాలి. ఒక్కసారిగా ధాన్యం పెంచితే కడుపు పులిసి, పేగుల్లో విషం పుట్టే చిటుకు రోగం వచ్చి, అన్నిటికన్నా బలిసిన పిల్లే మొదట పడిపోతుంది.

7. టీకాలు, పురుగుల మందు

టీకాలు పశువైద్యశాలలో ఉచితంగా దొరుకుతాయి. మీరు చేయవలసింది తేదీ గుర్తుపెట్టుకుని ముందుగా అడగడం.

- పీపీఆర్: పిల్లకు మూడు, నాలుగు నెలలు నిండాక, మళ్లీ మూడేళ్లకు.
- చిటుకు రోగం: ఏటా తొలకరికి ముందు, మే నెలలో, మొదటిసారి వేయించే జీవానికి రెండు మూడు వారాల తర్వాత ఇంకో మోతాదు.
- గొంతువాపు: వానలకు ముందు, ఏటా.
- నీలినాలుక, అంటే మూతివాపు: దోమల కన్నా చిన్న కీటకాలు వ్యాపింపజేసే జబ్బు, వానలు ముదిరే లోపు.
- బొబ్బ రోగం: మూడు నెలలు దాటిన వాటికి, ఏటా ఒకసారి.
- గాలికుంటు: ఏడాదికి రెండుసార్లు, ఊళ్లో పశువులకు వేసే రోజే.

రెండు టీకాల మధ్య రెండు మూడు వారాలు ఎడం ఉండాలి. మందు మంచులో వచ్చిందో లేదో చూడండి. ఎండలో స్కూటరు పెట్టెలో తిరిగిన పీపీఆర్ మందు వేసినా వేయనట్టే. నిండు చూలుతో ఉన్నవాటిని పట్టేటప్పుడు పడేయవద్దు.

పురుగుల మందును నెలనెలా పోయడం తప్పు. అలా పోస్తే పురుగులు ఆ మందుకు అలవాటు పడి, అసలు అవసరమైనప్పుడు పని చేయదు. తొలకరికి ముందు, వానాకాలం చివర మందంతటికీ ఇవ్వండి. మధ్యలో కన్ను పాలిపోయినవాటికి, పెంటికల పరీక్షలో పురుగు గుడ్లు కనిపించినవాటికే ఇవ్వండి. మోతాదు కంటి అంచనాతో కాదు, బరువు తూచి. రెండు నెలల పిల్లల పెంటికల్లో బియ్యపు గింజల్లాంటి ముక్కలు కనిపిస్తే అవి బద్దె పురుగులు. వాటికి వేరే మందు అడగండి.

8. అమ్మకం

పండుగల నుంచి వెనక్కి లెక్కపెట్టండి. డిసెంబరు మొదట్లో పుట్టిన పిల్ల ఆషాఢ బోనాలకు సుమారు ఏడు నెలలది. దసరా వరకు ఆపితే పది నెలలది. ఫిబ్రవరి, మార్చిలో పొట్టేలును కలిపితే జూలై, ఆగస్టులో ఈనతాయి, ఆ పిల్లలు సంక్రాంతి కనుమకు, రెండేళ్లకోసారి మాఘమాసంలో వచ్చే మేడారం జాతరకు అందుతాయి. బక్రీదు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ప్రతి సంవత్సరం క్యాలెండరు చూడాలి. ఆ పండుగకు ఏడాది నిండిన, ఏ లోపం లేని పొట్టేలు కావాలి. కొమ్ము విరిగినా, చెవి తెగినా, కుంటుతున్నా ఎంత బరువున్నా తీసుకోరు. గుర్తు కోసం చెవులు కోసే అలవాటు ఉన్నవారు ఈ ఒక్క కారణంతోనైనా మానాలి. శ్రావణ, కార్తీక మాసాల్లో మాంసం తినేవారు తగ్గుతారు. ఆ నెలల్లో డబ్బు అవసరం పడకుండా చూసుకోండి.

దళారి నడుము మీద చెయ్యి వేసి, తోక మొదలు పట్టి చూసి క్షణంలో బరువు చెబుతాడు. మీరూ నేర్చుకోవచ్చు, కాని తూకమే నమ్మకం. వేలాడదీసే తక్కెడ ఒకటి కొనండి. అది లేకపోతే టేపుతో కొలవండి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసి, దాన్ని దానితోనే గుణించి, భుజం నుంచి పిర్ర ఎముక వరకు ఉన్న పొడవుతో గుణించి 660తో భాగిస్తే సుమారుగా కిలోలు వస్తాయి. చుట్టుకొలత 28, పొడవు 25 అయితే 28×28×25 అంటే 19,600. భాగిస్తే దాదాపు 30 కిలోలు. 30 కిలోల పొట్టేలుకు మాంసం 14 కిలోల చుట్టుపక్కల వస్తుంది. ఆ రోజు ఊళ్లో మాంసం కిలో ఎంతకు అమ్ముతున్నారో తెలిస్తే, దళారి చెప్పిన ధర న్యాయమో కాదో వేళ్ల మీద తేలిపోతుంది.

ఎవరికి అమ్మాలి? హైదరాబాద్ జియాగూడ లాంటి పెద్ద మార్కెట్‌కు ఆరు పొట్టేళ్లతో వెళ్తే బండి కిరాయి, కమీషన్, దారిలో తగ్గే బరువు కలిసి లాభాన్ని మింగేస్తాయి. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి బండి నింపగలిగితేనే వెళ్లండి. పెబ్బేరు లాంటి వారపు సంతల్లో కొనేవారు ఎక్కువ. మొదటి బేరానికే తాడు చేతికివ్వకుండా ఓపిగ్గా నిలబడాలి. మాకు అన్నిటికన్నా మంచి ధర వచ్చేది ఇంటి ముందే. దసరాకు నెల ముందే వాడలో చెప్పి పెడతాం. నాలుగైదు ఇళ్లవారు కలిసి ఒక పొట్టేలును తూకం మీద కొని పోగులు వేసుకుంటారు. సగం డబ్బు ముందే తీసుకుంటాం, తూకం అందరి ముందే వేస్తాం. నీళ్లు తాగించి, ఉప్పు పెట్టి బరువు పెంచే పని ఒక్కసారి చేసినా తర్వాతి ఏడాది మీ గడప ఎవరూ తొక్కరు. మందు వేసిన జీవాన్ని ఆ మందు సీసా మీద రాసిన గడువు రోజులు పూర్తయ్యేదాకా మాంసానికి ఇవ్వకండి. తినేది మన వాడ పిల్లలే.

ఆడపిల్లల విషయంలో ధర చూసి తొందరపడవద్దు. ఏ గొర్రె ప్రతి ఎనిమిది నెలలకూ ఈని, పాలు బాగా ఇచ్చి, పిల్లను నిలుపుకుందో నోటుపుస్తకం చెబుతుంది. దాని కూతురును ఎవరు ఎంత ఇస్తామన్నా ఉంచుకోండి. వరుసగా రెండుసార్లు చూలు కట్టని గొర్రె, పొదుగు గడ్డకట్టింది, పళ్లు ఊడింది, ఈ మూడింటినీ పండుగ ధర ఉన్నప్పుడే తీసేయండి.

సంతలో ధర రాక తిరిగి తెచ్చిన పొట్టేలు ఇప్పుడు కొత్త జీవంతో సమానం. మందలో కలపకుండా పొలం కొట్టంలో 21 రోజులు ఉంచండి. సంతకు తీసుకెళ్లిన తాళ్లను వేడినీళ్లలో నానబెట్టండి, బండి నేలను సున్నపు నీళ్లతో కడగండి. చెప్పులు గడప బయటే విడిచి, కాళ్లు కడుక్కుని, బట్టలు మార్చుకుని ఆ తర్వాతే పిల్లల గంపల దగ్గరికి వెళ్లండి.